ఎండలో యముడు

యముడి కిరీటం ఏ సంచిలోనూ పట్టదు. అట్టముక్కలు, థర్మోకోలు, బంగారు రంగు కాగితం కలిపి అతికించిన ఆ వస్తువుకు రెండు పక్కలా కొమ్ములుంటాయి. బస్సులో పైన పెడితే కొమ్ము విరుగుతుంది, కింద పెడితే ఎవరో ఒకరు తొక్కుతారు. అందుకని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా బస్సు ఎంత కిక్కిరిసి ఉన్నా నా పక్క సీటు మాత్రం ఖాళీగానే ఉంటుంది. నిలబడి ఊగుతున్నవాళ్ళు ఒకసారి కిరీటం వైపు చూసి, ఇంకాస్త గట్టిగా కమ్మీ పట్టుకుంటారు.

ఒకసారి కండక్టరు దానికి లగేజీ టికెట్టు కొట్టాడు. ఒళ్ళో ఉన్నదానికి లగేజీ ఏమిటని అడిగాను.

"ఒల్లో పిల్లోడైతే ఒగ్గీవచ్చు బాబూ. ఇది పిల్లోడు కాదు గదేటి" అన్నాడు.

నేను నటుణ్ణి. విశాఖపట్నంలో నాటకం చదువుకున్నాను. నాతో చదివినవాళ్ళలో కొందరు హైదరాబాదు వెళ్ళి సీరియళ్ళలో పడ్డారు, కొందరు బడుల్లో టీచర్లయ్యారు. నేను శ్రీకాకుళం తిరిగొచ్చి, అరసవల్లిలో ఒక లాడ్జి వెనక గది అద్దెకు తీసుకుని, పిలిచినవాళ్ళ దగ్గరికల్లా వెళ్ళడం మొదలుపెట్టాను. బడి వార్షికోత్సవాలకు పిల్లలచేత నాటికలు వేయిస్తాను. పెళ్ళి రిసెప్షన్లలో మైకు పట్టుకుని, నాకు తెలియని చుట్టాల్ని పేరుపేరునా స్టేజి మీదికి ఆహ్వానిస్తాను. దోమల మీదా, టీకాల మీదా వీధి నాటకాలు ఆడతాను. ఇదంతా విని ఎవరైనా చివరికి అడిగేది ఒక్కటే. "అదంతా బాగున్నాది. మరి పనేటి సేస్తన్నావు?" మొదట్లో వివరంగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు, వెతుక్కుంటున్నాను అంటాను. అలా అంటే వాళ్ళకు తృప్తిగా ఉంటుంది. తెలిసిన ఆఫీసులో మాట సాయం చేస్తామంటారు.

యముడు నా జీవితంలోకి ఒక ఏజెంటు ద్వారా వచ్చాడు. షామియానాలు, లైట్లు, ప్లాస్టిక్ కుర్చీలు, కళాకారులు, అన్నీ అతని ఒక్క విజిటింగ్ కార్డు మీదే ఉంటాయి. నాకంటే చిన్నవాడే అయినా వరస కలిపి బావా అని పిలుస్తాడు. ఒకరోజు ఫోన్ చేశాడు.

"బావా, రోడ్డు భద్రత ప్రోగ్రాంకి యముడు కావాలంట. నీకు గొంతున్నాది, పొట్టున్నాది. మీసం నాను ఇస్తాను. ఇంకేటి కావాల?"

ఒక్క వారమే కదా అనుకున్నాను. కూడలిలో గద పట్టుకుని నిలబడి, హెల్మెట్ లేకుండా వచ్చినవాడి బండికి అడ్డం పడి, మెడలో పాశం వేసి, "ఓరీ మానవా, శిరస్త్రాణము లేక నా లోకమునకు దారి వెదకుచున్నావా? నీ ఆయువు నేటితో చెల్లినది" అనాలి. ఎవరో ఫోనులో తీశారు. అది ఊరంతా తిరిగింది. అంతే, నేను చదువుకున్న చదువంతా ఆ కొమ్ముల మధ్య ఇరుక్కుపోయింది.

హెల్మెట్ల దుకాణం తెరిస్తే యముడు కావాలి. బీమా ఏజెంట్ల సమావేశానికి యముడు కావాలి. విజయనగరంలో ఒక కొత్త క్లినిక్కు ప్రారంభానికి పిలిచి, డాక్టరుగారు రిబ్బను కత్తిరించగానే పాశం కింద పడేసి భయంతో పారిపొమ్మన్నారు. గేటు దాకా పరుగెత్తి ఆగితే, ఇంకా దూరం, రోడ్డు దాకా అని సైగ చేశారు. రోడ్డు దాకా పరుగెత్తాను. ఆటోస్టాండులో ఇద్దరు డ్రైవర్లు ఎదురొచ్చి ఎక్కడికెళ్ళాలండీ అని అడిగారు. ఒక పిల్లవాడి పుట్టినరోజుకు కూడా పిలిచారు. ఆ పిల్లవాడు నన్ను చూసిన దగ్గర్నుంచి కేకు కోసేదాకా ఏడుస్తూనే ఉన్నాడు. వాళ్ళ నాన్న నన్ను పక్కకు పిలిచి, "కొంచెం నవ్వుతూ ఉండొచ్చు గదండీ" అన్నాడు.

నాకో సొంత నాటకం ఉంది. అది చెప్పుకుంటేగాని నా చిరాకు ఎవరికీ అర్థం కాదు. నౌపడ దగ్గర ఉప్పు మళ్ళలో పనిచేసే ఒక ఆడమనిషి కథ. వేసవి మధ్యాహ్నం, పోగేసిన ఉప్పంతా కళ్ళ ముందుండగా, లెక్కలో లేని వాన ఒకటి వచ్చి పడుతుంది. గంటసేపు నేనొక్కణ్ణే ఆడతాను. చేతిలో ఉప్పు లాగే పొడుగు కర్ర తప్ప ఇంకేమీ ఉండదు. రెండు వేసవులు అక్కడికి వెళ్ళి, గట్ల మీద కూర్చుని, వాళ్ళ మాటా నడకా పట్టుకుని రాసుకున్నాను. దాన్ని ఆడిస్తారేమోనని అడగని మనిషి లేడు. ఒక్కడే అయితే జనం కూర్చోరన్నారు కొందరు. పాటలున్నాయా అన్నారు ఇంకొందరు. విజయనగరంలో ఒక గ్రంథాలయం వాళ్ళు శ్రద్ధగా అంతా విన్నారు. విన్నాక వాళ్ళలో పెద్దమనిషి, "మీరు యముడు వేస్తారట కదా, చివర్లో ఆయన వచ్చేటట్టు ఏమైనా మార్చగలరా" అని అడిగాడు.

ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించడానికేముంది.

ఇది చాలదన్నట్టు మా అమ్మ. మాది కళింగపట్నం. మా నాన్న బోటు మీద వేటకు వెళతాడు, మా అమ్మ చేపలు శ్రీకాకుళం తెచ్చి అమ్ముతుంది. ఒకరోజు పొద్దున దగ్గరి ఊళ్ళో ఒక కార్యక్రమం ముగించుకుని, ఎలాగూ ఇంత దూరం వచ్చాను కదా అని కిరీటంతో సహా ఇంటికి వెళ్ళాను. అమ్మ గుమ్మంలో కూర్చుని చేపలు వేరు చేస్తోంది. లేచి చెయ్యి అడ్డం పెట్టింది.

"అదేటది?"

"కిరీటం."

"ఎవుల్ది?"

"యముడిది. నేను వేసే వేషానిది."

"బయటెట్టు. మీ నాన్న ఇంకా ఒడ్డుకి రానేదు. ఆయన సంద్రం మీద ఉండగా దాన్ని గుమ్మంలోకి తెస్తావేటిరా?"

"అట్టముక్క అమ్మా అది."

"అట్టముక్కయితే బయటెట్టడానికి నీకేటి బాధ?"

వలలు ఆరేసే వాసం మీద తగిలించాను. భోంచేసి వచ్చేసరికి పక్కింటి మేక ఒక కొమ్ము సగం నమిలేసింది. మర్నాటికి హెల్మెట్ల దుకాణం పని ఉంది. బజారుకు వెళ్ళి అట్టా, జిగురూ, బంగారు కాగితమూ తెచ్చి కొమ్ము అతికిస్తూ కూర్చున్నాను. అమ్మ చాలాసేపు చూసి పక్కన కూర్చుంది.

"నానొకటే అడుగుతాను. మీ నాన్న ఏటకెల్లిన రోజున ఆ ఏసం కట్టకు."

"నాన్న రోజూ వెళతాడు కదమ్మా."

"అయితే మానీ."

"మానేసి ఏం చెయ్యను?"

"రాముడేసం ఎయ్యి. కిష్టుడేసం ఎయ్యి. ఈడే దొరికేడేటి?"

నాకు ఒళ్ళు మండింది. రాముణ్ణి ఎవరూ పిలవడం లేదని, పిలిచినా ఈ పొట్టతో రాముడికి పనికిరానని, యముడు నేను ఎంచుకున్న పాత్ర కాదని, వాడే నన్ను పట్టుకున్నాడని చెప్పాను. గట్టిగానే చెప్పాను. ఆమె వాదించలేదు. కొమ్ము కొంచెం వంకరగా అతికించానని మాత్రం అంది.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఫోన్ చెయ్యడం మొదలుపెట్టింది. "ఇయాల ఏసం ఉన్నాదా?" ఉందంటే ఏమీ మాట్లాడకుండా పెట్టేసేది. ఏదైనా కార్యక్రమం ఆగిపోయిందంటే ఆమె గొంతులో సంతోషం తెలిసిపోయేది. నా పని పోయిందని సంతోషించే మనిషి ఇంట్లోనే ఉంటే ఇక బయటివాళ్ళను అనేదేముంది. యముడు కావాలనేవాళ్ళు కొందరు, వద్దనేవాళ్ళు కొందరు. మధ్యలో నేను కావాలనేవాళ్ళు ఒక్కరూ లేరు.

అలా ఉండగా శ్రీకాకుళంలో మళ్ళీ రోడ్డు భద్రత కార్యక్రమం వచ్చింది. ఈసారి ఎస్సైగారు దాన్ని చాలా పట్టుదలగా తీసుకున్నారు. ఒక వీడియో అతన్ని పెట్టి, నా పక్కనే నిలబడి, ఏ బండి ఆపాలో, ఎటు తిరిగి మాట్లాడాలో ఆయనే చెబుతున్నారు. ఎండ మండిపోతోంది. మీసం కింద చెమట పట్టి జిగురు వదిలేస్తోంది. ప్రతి రెండో బండివాడూ శిరస్త్రాణం మాట పూర్తి కాకుండానే నా భుజం మీద చెయ్యి వేసి సెల్ఫీ తీసుకుంటున్నాడు. ఒకడు పాశం తన మెడలో సరిగ్గా పడలేదని మళ్ళీ వేయించుకున్నాడు.

"అదిగో, ఆ బండి ఆపండి. వెనకాల పెద్దావిడ కూర్చుంది. సెంటిమెంటు బావుంటుంది" అన్నారు ఎస్సైగారు.

గద అడ్డం పెట్టి ఆపాను. బండి మీద మా మావ. మా అమ్మకు సొంత తమ్ముడు. వెనక కూర్చున్నది అమ్మే. ఇద్దరి మధ్యా చేపల టబ్బు. రోజూ వచ్చే ఆటో ఆ రోజు రాలేదట, అందుకని తమ్ముడి బండెక్కింది. మావ నన్ను గుర్తుపట్టలేదు. నల్లరంగు పూసుకున్న ముఖం, ఆ మీసం, ఆ కొమ్ములు చూసి కంగారుపడి దండం కూడా పెట్టాడు. అమ్మ నా పాదాల వైపు చూసింది. తర్వాత తలెత్తింది.

"డైలాగ్ చెప్పండి" అన్నారు ఎస్సైగారు. వీడియో అతను దగ్గరికి జరిగాడు.

నోరు తెరిచాను. ఓరీ మానవా అన్నదాకా వచ్చింది. తర్వాత శిరస్త్రాణం మాట, ఆ వెనకే నీ ఆయువు నేటితో చెల్లినది. అది రాలేదు. ఆ పొద్దున ఫోనులో వేషం ఉందని చెప్పాను, ఆమె పెట్టేసింది. నాన్న సముద్రం మీద ఉన్నాడు. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. కూడలిలో మిగతా అందరూ నా డైలాగు కోసం చూస్తున్నారు.

"ఏటయిందండీ, వీడియో పోతోంది ఇక్కడ" అన్నారు ఎస్సైగారు.

అమ్మ మెల్లిగా అంది. "సెప్పు. ఎండలో ఎంతసేపు నిలబడతావు, సెప్పీ."

ఏం చేస్తున్నానో ఆలోచించకుండా మావ వైపు తిరిగాను. పాశం భుజాన వేసుకుని, గద చంకలో పెట్టుకుని, మా అమ్మ గొంతుతో మొదలెట్టాను. ఆమె తమ్ముణ్ణి తిట్టే తిట్టు నాకు చిన్నప్పటినుంచీ కంఠతా వచ్చు.

"ఏరా, సంద్రం మీదకెల్లేటప్పుడు గంగమ్మకి దండం ఎట్టుకుంతావు, మోటారు సూసుకుంతావు, తాడు సూసుకుంతావు. రోడ్డు మీదకొచ్చేటప్పుడు నెత్తిమీద ఓ టోపీ ఎట్టుకోడానికి నీకేటి రోగం? ఎనకాల అప్పని ఎక్కించుకున్నావు. అదేటి సేపల టబ్బనుకున్నావా, పడితే ఏరుకోడానికి?"

మావ ముఖం పాలిపోయింది. యముడి నోట్లోంచి వాళ్ళ అక్క మాట్లాడితే ఏ మనిషికైనా అలాగే ఉంటుంది. చుట్టూ ఆగిన బండ్లవాళ్ళు నవ్వారు. ఒకామె తన ముందు కూర్చున్న భర్తను వీపు మీద పొడిచి, ఇను, ఇను అంది. అమ్మ మాత్రం నవ్వలేదు. నన్ను అలాగే చూస్తూ అడిగింది.

"నా గొంతు అలగుంటాదేటి?"

అప్పుడు మావకు అర్థమైంది. "ఓరి నువ్వా అల్లుడా" అన్నాడు.

ఎస్సైగారికి మాత్రం నచ్చలేదు. "ఇదేటండీ, యముడు ఇలా మాట్లాడతాడా? గ్రాంథికంలో ఉండాలి. మళ్ళీ తీద్దాం. అమ్మా, మీరు బండి కొంచెం వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ రండి" అన్నారు.

"సేపలు పాడయిపోతాయి బాబూ" అంది అమ్మ.

"ఒక్క నిమిషం పని."

"ఒక్కసారి సెప్పించుకున్నాను, సాలు. నా కొడుకు సేత రెండోసారి సెప్పించుకోను."

ఎస్సైగారు ఆమెను, నన్ను మార్చి మార్చి చూశారు. ఈమె మీ అమ్మగారని ముందే చెప్పొచ్చు కదా అని నా మీద విసుక్కున్నారు. ఏ క్షణంలో చెప్పాలో నాకు తెలియలేదు. యముడు తల్లిని పరిచయం చేసే పద్ధతి నాకెవరూ నేర్పలేదు. మావకు చలానా రాశారు. మేనల్లుడు యముడైనా చలానా తప్పలేదని మావ ఇప్పటికీ ఊళ్ళో చెప్పుకుంటాడు. ఏజెంటు సాయంత్రం ఫోన్ చేసి, పెద్ద సార్లతో పనిచేసేటప్పుడు సొంత తెలివి చూపించొద్దని, ఇక ఆ పని నాకు రాదని చెప్పాడు.

ఆ ఆదివారం ఇంటికి వెళ్ళాను. కిరీటం అరసవల్లి గదిలోనే వదిలేశాను. నాన్న అరుగు మీద వల బాగు చేసుకుంటున్నాడు. ఆయన మాటల మనిషి కాదు. నేను చదువుకోడానికి వెళ్ళినప్పుడు గానీ, తిరిగొచ్చినప్పుడు గానీ నా పని గురించి ఏమీ అనలేదు. ఆ రోజు మాత్రం వల మీంచి తల ఎత్తకుండానే అన్నాడు.

"బోటు మీద కుర్రోళ్ళు సూపించేరు, ఫోనుల. మీ అమ్మలాగే తిట్టేవు."

"అమ్మకు కోపం వచ్చింది. మీరు సముద్రం మీద ఉన్నప్పుడు ఆ వేషం వేశానని."

నాన్న ముడి వేసి, పంటితో దారం తెంపాడు. "యముడు ఈడ ఎండలో రోడ్డు మీద నిలబడ్డాడంటే, ఆ పూట సంద్రంల లేడనే గదేటి" అన్నాడు.

లోపలినుంచి అమ్మ, "నువ్వూరుకో" అంది. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే ఫోన్ చేసింది.

"ఇయాల ఏసం ఉన్నాదా?"

"ఉంది. విజయనగరంలో."

పెట్టేస్తుందనుకున్నాను.

"ఆ టోపీ కింద తడిగుడ్డ ఎట్టుకో. ఎండ పేలిపోతన్నాది" అంది.

అక్కడితో అంతా బాగుపడిందని రాయాలని నాకూ ఉంది. కానీ నేను చేసే పని అలాంటిది కాదు. వారం తిరిగేసరికి ఆ వీడియో శ్రీకాకుళం దాటి ఎక్కడెక్కడికో పోయింది. ఇక నాకు పని రాదన్న ఏజెంటు ఉత్సాహంగా ఫోన్ చేశాడు. "బావా, అందరికీ ఆ అమ్మ గొంతు యముడే కావాలంట. అమ్మగార్ని కూడా తేగలవేటి? ఇద్దరూ అయితే అదిరిపోద్ది." ఎస్సైగారు కూడా పిలిపించి టీ ఇప్పించారు. పై అధికారులు మెచ్చుకున్నారట. "ఆ రోజు నేను చెప్పాను కదా, జనం భాషలో ఉండాలని" అన్నారు. నేను టీ తాగాను. యముడిని వదిలించుకుందామని చూస్తుంటే వాడు ఇప్పుడు మా అమ్మను కూడా వెంటేసుకుని వచ్చాడు.

నౌపడ దగ్గర బడిలో పనిచేసే ఒక మాస్టారు కూడా ఆ వీడియో చూసే ఫోన్ చేశారు. పిల్లల కార్యక్రమానికి యముడు కావాలన్నారు. ఎందుకోగాని ఆ రోజు నోరు ఊరుకోలేదు. పొద్దున పిల్లలకు యముడు వేస్తాను, మధ్యాహ్నం అదే వరండాలో పెద్దవాళ్ళకు నా నాటకం ఆడుకోనివ్వాలి అన్నాను. ఆయన, "వరండా ఖాళీయే కదండీ" అన్నారు. ఇన్నేళ్ళలో ఇంత సులువుగా ఎవరూ ఒప్పుకోలేదు. అనుమానం వచ్చి మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పారు.

పొద్దున యముడి పని అయిపోయింది. రంగు కడుక్కుని, లుంగీ కట్టుకుని, ఉప్పు కర్ర పట్టుకుని నిలబడ్డాను. మళ్ళలో పని ఆపి తిండికి వచ్చిన ఆడవాళ్ళు, కొందరు మగవాళ్ళు, ఊళ్ళో ముసలివాళ్ళు వచ్చి కూర్చున్నారు. కొందరు సగంలో లేచి వెళ్ళిపోయారు. రైలొకటి వచ్చి, అది పోయేదాకా నేను కర్ర ఎత్తిన చేతితో అలాగే నిలబడాల్సి వచ్చింది. అయినా మొదలుపెట్టినదాన్ని ఆపలేదు.

నాటకంలో వాన వచ్చే చోటు ఒకటుంది. ఆ మనిషి తాటాకులు పట్టుకుని కుప్ప నుంచి కుప్పకు పరుగెత్తుతుంది. ఒకటి కప్పేలోగా ఇంకొకటి కుంగిపోతుంది. చివరికి పరుగాపి, కర్ర మీద ఆనుకుని, కరుగుతున్న ఉప్పును ఊరికే చూస్తుంది. అక్కడ మాటలుండవు. నేను పరుగాపి నిలబడ్డాను. వరండా అంతా నిశ్శబ్దంగా ఉంది. సరిగ్గా అప్పుడు బడి గోడ అవతల ఒక ఆటో ఆగింది. పాత ఇనప సామాను, పాడైన ఫ్రిజ్జులు, విరిగిన కుర్చీలు కొంటామని మైకు మొదలెట్టింది. ఆ గొంతు నాదే. చేతిలో ఏ పనీ లేని నెలలో ఏజెంటు నాచేత రికార్డు చేయించినది. నా నాటకంలోని మౌనం మీద నా గొంతే పాత సామాను కొంటోంది. ముందు వరసలోంచి ఒకామె లేచి, కొంగు బిగించుకుని, గబగబా ఆటో వైపు వెళ్ళిపోయింది.

పళ్ళు బిగించి మిగతాది పూర్తి చేశాను. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక అందరూ కాసేపు అలాగే కూర్చున్నారు. మాస్టారు కొడితే కొట్టారు. నేను కర్ర గోడకు ఆనించి నీళ్ళు తాగుతుంటే, ముందు వరసలో కూర్చున్న ముసలామె దగ్గరికి వచ్చింది. చేతుల మీద ఉప్పు పొర ఇంకా తెల్లగా ఉంది.

"బాబూ, ఆ వానొచ్చిన ముక్క మల్లీ సేస్తావేటి?"

"మళ్ళీనా? ఎందుకమ్మా?"

"మా కోడలు పాత కుండీ ఒకటి అమ్మడానికి ఆ ఆటో కాడికెల్లిపోనాది. అది సూడనేదు. మొన్న వానకి నాతోటి పరిగెట్టింది అదే."

కోడలు అప్పుడే గేటులోంచి వస్తోంది. అత్త చెయ్యి ఊపి, బేగిరా, కూకో అంది. వెళ్ళిపోబోతున్న ఇద్దరు ముగ్గురు కూడా ఆగారు. బస్సుకు టైమైపోతోంది. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. గోడ దగ్గరికి వెళ్ళి కర్ర తీసుకున్నాను. చేతిలో లేని తాటాకులు పట్టుకుని మొదటి కుప్ప దగ్గర్నుంచి పరుగు మొదలుపెట్టాను.

కోడలు ఒక్కసారి కూడా అత్త వైపు చూడలేదు. నేను పరుగాపిన చోట ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈసారి ఆ మౌనం పూర్తిగా నిలిచింది.